మా మేనల్లుడి సూర్యారాధన

మా తాతగారు తెల్లవారుజామున గోదావరిలో మొలలోతు నీళ్లలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేవారు. మా మేనల్లుడు మిట్టమధ్యాహ్నం మేడమీద నిలబడి అదే సూర్యుడిచేత కరెంటు చేయిస్తాడు. ఇద్దరిలో ఎవరి ఆరాధన గొప్పదని నేను తగవు పెట్టబోను గానీ, ఈ రెండో రకం భక్తుడికి పెళ్లి సంబంధాలు రావని మా అక్కయ్య బెంగ.

వాడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను చదువు ముగించి, సోలార్ పని నేర్చుకుంటానన్నాడు.

"చదివించింది మేడలెక్కి అద్దాలు బిగించడానికట్రా? నువ్వైనా చెప్పు వాడికి" అన్నది అక్కయ్య నాతో.

నేను చెప్పలేదు. వాడి వైపే మాట్లాడాను. ఆమె రెండు రోజులు నాకు కాఫీలో పంచదార వెయ్యలేదు.

కేంద్రప్రభుత్వం 2015లో సూర్యమిత్ర అని ఒక శిక్షణ మొదలుపెట్టింది. మూడు నెలలు, 600 గంటలు. ఐ.టి.ఐ.లలో సోలార్ టెక్నీషియన్ అని ఏడాది కోర్సు కూడా వచ్చింది. కాగితంమీద అన్నీ బాగానే ఉన్నాయి. కాని మావాడు మొదట చేరిన చోట పానెలు ఒక్కటంటే ఒక్కటే ఉండేదట. ప్రారంభోత్సవం నాడు దానికి పసుపు కుంకుమ పెట్టి, హాల్లో గోడకు ఆనించారు. ఆ బొట్టు మళ్లీ ఎవరూ తుడవలేదు. నీడపట్టున కూర్చున్న పానెలు ఏం కరెంటిస్తుంది పాపం! మేష్టారు బల్లమీద బొమ్మ గీసేవారు, పిల్లలు ఎక్కించుకునేవారు. పనిముట్లు బీరువాలో, బీరువా తాళంచెవి సెలవులో ఉన్న గుమాస్తాగారి జేబులో. నెల తిరక్కుండా వాడు అక్కడ మానేసి, పొరుగు జిల్లాలో మరోచోట చేరాడు.

ఆ రెండో చోటుకి, అక్కయ్య ఇచ్చిన ఆవకాయ సీసా మిషతో, నేనూ ఓ రోజు వెళ్లాను.

తరగతి అంతా మేడమీదనే. ఇరవైమంది పిల్లలు, అందులో అయిదారుగురు ఆడపిల్లలు. ఒక్కొక్క పానెలు పాతిక కిలోల పైమాటే. ఇద్దరేసి పట్టుకుని మెట్లమీదుగా పైకి చేరుస్తున్నారు. గాలి వీస్తే అది గాలిపటంలా లాగుతుందని, ఎటు తిరిగి నడవాలో అదికూడా పాఠమేనని మేష్టారు చెప్పారు. ఆయన మీటరు తగిలించి, ఒక పిల్లను పిలిచి, "నీ అరచెయ్యి ఈ గడిమీద ఆనించమ్మా" అన్నారు. ముల్లు దభీమని పడింది. ఆ ఒక్క గడిమీద నీడకే పానెలులో మూడోవంతు నిద్రపోతుందట. అది పుస్తకంలో చదివిన వాడికి పరీక్షలో మార్కు వస్తుంది. చెయ్యి ఆనించి చూసిన పిల్ల మాత్రం జన్మలో నీళ్లటాంకు పక్కన పానెలు బిగించదు.

ఇంతకన్నా ముఖ్యమైన పాఠం భయం గురించి. మన ఇంట్లో ఫ్యాను బాగుచెయ్యాలంటే మెయిను తీసేస్తాం. సూర్యుడికి మెయిను లేదు! ఇన్వర్టరు కట్టేసినా సరే, ఎండ ఉన్నంతసేపూ పానెళ్ల తీగెల్లో వోల్టేజి ఉంటుంది. ఒక్కొక్కటి 40 వోల్టులు. పది వరుసగా కలిపితే 400. పైగా ఇది డి.సి. మన ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు దిగి లేస్తుంది గనుక నిప్పురవ్వ పుట్టినా ఆరిపోవడానికి సందు దొరుకుతుంది. డి.సి.కి ఆ దయ లేదు. కరెంటు పారుతుండగా కనెక్టరు ఊడబీకితే మంట నిలబడి వెలుగుతుంది. వదులుగా నొక్కిన కనెక్టరు వేడెక్కి, నల్లబడి, ఒకనాడు అంటుకుంటుంది.

అందుకే ఆ రోజల్లా తీగె చివర కనెక్టరు నొక్కడమే పని. పిల్లలు నొక్కి తెచ్చిన ప్రతిదాన్నీ మేష్టారు రెండు చేతులా పట్టి లాగేవారు. ఊడి వచ్చిందా, "మళ్లీ!" మా మేనల్లుడిది నాలుగుసార్లు ఊడింది. అయిదోసారి ఊడలేదు. వాడి మొహంలో ఆ క్షణాన కనిపించిన వెలుగు టెన్తు పాసైనప్పుడు కూడా నేను చూడలేదు.

ఇదంతా ఎవరికో సంబంధించిన గొడవ అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ పథకం వచ్చింది. కోటి ఇళ్లమీద పానెళ్లు పెట్టించాలని సంకల్పం. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. రాయితీ సంగతి అందరూ అడుగుతారు. బిగించేవాడు ఎక్కడ నేర్చుకున్నాడని అడిగిన గృహస్థు నాకింతవరకూ తగల్లేదు. కోటి ఇళ్లంటే ఎన్ని కోట్ల కనెక్టర్లో లెక్క వెయ్యండి. బొట్టు పెట్టిన పానెలు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లలు కూడా రేపు పట్టా పట్టుకుని మన మేడలెక్కుతారు మరి.

మావాడికిప్పుడు పని దొరికింది. జీతం, నిజం చెప్పవద్దూ, వాడు ఎండలో కార్చే చెమటకు తగ్గట్టు లేదు. ఆ విషయంలో అక్కయ్యతో వాదించే ధైర్యం నాకు లేదు.

పోయిన సంక్రాంతికి ముందు ఆమే తన ఇంటికి పానెళ్లు పెట్టిస్తానంది. బయటినుంచి వచ్చిన కంట్రాక్టరు చూసి, తూర్పున ఉన్న కొబ్బరిచెట్టు కొట్టేస్తేగాని లాభంలేదన్నాడు. ఆ చెట్టు మా బావగారు స్వయంగా నాటింది. ఆయన పోయి ఆరేళ్లయింది. అక్కయ్య ఏమీ అనలేదు. లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు మేనల్లుడు టేపు, సుద్దముక్క తీసుకుని పొద్దున్నే మేడెక్కాడు. గంటగంటకూ నీడ ఎక్కడ పడితే అక్కడ గీత గీశాడు. ధనుర్మాసంలో నీడ ఏడాదిలోకెల్లా పొడుగు కనుక, ఇప్పుడు తప్పుకుంటే మిగతా కాలమంతా భయం లేదన్నాడు. మధ్యాహ్నానికి దిగివచ్చాడు.

"పానెళ్లు పడమటి గోడవైపు జరిపితే తొమ్మిది దాటాక నీడే తగలదమ్మా. చెట్టు ఉండనీ" అన్నాడు.

అక్కయ్య వాడి చేతుల సుద్ద దులిపి, "అన్నం తిందువుగాని రా" అన్నది.