పది రూపాయల ప్రాణము

వస్తువు వెల తగ్గినకొలది దానిపై ఆదరమును తగ్గుట లోకస్వభావము. పగిలిన మట్టిమూకుడును గూర్చి విచారించువా రరుదు. కాని ఆ చౌక వస్తువు ప్రాణము గలదైనప్పుడు ఈ స్వభావమును మనము కొంత విమర్శించుకొనవలసి యున్నది. అంగడిలో పది యిరువది రూపాయలకు దొరకు చేపపిల్లలను గూర్చియే మే మీ మాట వ్రాయుచున్నాము.

చెన్నపట్టణమున కొళత్తూరు అలంకార మత్స్యముల వ్యాపారమునకు ప్రసిద్ధమైన చోటు. గప్పీలు, మాలీలు, బంగారు చేపలు, ఫైటరు చేపలు అచ్చట నీటి సంచులలో వ్రేలాడుచు పిల్లల కన్నుల నాకర్షించును. తమిళమున ‘మీన్ తొట్టి’ యందురు. మనము ‘చేపల తొట్టి’ యందుము. తొట్టి రెండు భాషలకును ఉమ్మడి సొత్తు. మీను అను మాటయు మనకు క్రొత్తది కాదు. తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొంది ఈ నగరమునకు వచ్చిన మాకు, మా విద్యార్థులు రెండు భాషలను కలిపి చెప్పు చేపల ముచ్చటలు వినుట యొక వేడుక.

ఆ ముచ్చటలలో తఱచుగా వినబడునది యొక్కటే: “తెచ్చిన వారమునకే చచ్చిపోయినవి.” చేపపిల్లకు ఈత నేర్ప నక్కఱలేదని సామెత. నిజమే. కాని దానికి నీటిని అమర్చి యిచ్చుట మనము నేర్చుకొనవలసిన విద్య. చేప తన మొప్పలనుండి అమోనియాను విడుచును. తినక మిగిలిన మేత క్రుళ్లినను అమోనియాయే పుట్టును. అది చేపకు విషము. తొట్టిలోని యిసుకకును, వడపోత స్పంజికిని అంటుకొని పెరుగు కొన్ని సూక్ష్మజీవులు ఆ విషమును మొదట నైట్రైటుగను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. ఈ జీవులు చాలినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. తొట్టి కొన్ననాడే పండ్రెండు చేపలను వేసినచో, వానిని కాపాడువా రింకను రానట్లే. స్పంజిని కుళాయి నీట తళతళ లాడునట్లు కడుగుటయు ఇట్టి కీడునే చేయును. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని మెల్లగా పిండవలెను.

కుళాయి నీటిలోని క్లోరిను చేపల మొప్పలను కాల్చును. వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువ ఉంచినచో క్లోరిను చాలవఱకు పోవును. వారమున కొకమాఱు నాలుగవ వంతు నీటిని మాత్రము మార్చవలెను. మేత రెండు నిమిషములలో తిని ముగించునంత చాలును. వేసవిలో మరింత జాగరూకత యవసరము; నీరు వేడెక్కినకొలది దానిలో ప్రాణవాయువు తగ్గును.

ఫైటరు చేప పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలదు. అందుచేత దానిని గాజు గ్లాసులో ఉంచవచ్చునని కొందఱి తలంపు. చావకుండుట వేఱు, బ్రతుకుట వేఱు. థాయిలాండు దేశము 2019లో దీనిని తన జాతీయ జలచరముగా ప్రకటించినది. అట్టి జీవికి గ్లాసెడు నీరు మర్యాద కాదు.

గత సంవత్సరము మా తరగతి తొట్టిలోని ఎనిమిది గప్పీలకు తెల్లచుక్కల వ్యాధి సోకినది. ఒక విద్యార్థి తండ్రిగారు చూచి, “మేష్టారూ, మందు వెల అఱువది రూపాయలు, చేప వెల పది. క్రొత్తవి తెప్పించరాదా?” అన్నారు. ఒక్క చేపకైనచో ఆ లెక్క సరియే. కాని సంఖ్య స్వల్పము, వ్యయ మధికము అను లెక్కను మా చిన్న తెలుగు తరగతి చాల కాలముగా వినుచునే యున్నది. ఆ మాట వినుచు కూర్చున్న పదునలుగురు పిల్లలును మా ముఖము వంక చూచిరి. చికిత్స చేయుటకే నిశ్చయించితిమి.

లీటరు నీటికి రెండు గ్రాముల కల్లుప్పు లెక్కగట్టి, వేఱుగా కరిగించి, రెండు దినములలో కొంచెము కొంచెముగా కలిపితిమి. గాలి పంపును నిలుపలేదు. చేప మేనిపై చుక్కగా కనబడు పరాన్నజీవి పక్వమై అడుగున పడి, వందలుగా విభజింపబడి, మరల చేపను వెదకుచు ఈదును. ఆ యీదు దశలోనే ఉప్పుగాని మందుగాని పని చేయును. కావున చుక్కలు మాయమైనంతనే చికిత్స మానరాదు. పిల్లలు వంతులవారీగా పది దినములు కనిపెట్టిరి. మూడు చచ్చినవి, అయిదు బ్రతికినవి. చచ్చినవానిని పిల్లలు చెట్టు మొదట పాతిరి, ఎవరును చెప్పలేదు.

తల్లిదండ్రులకు రెండు విన్నపములు. క్రొత్త చేపను రెండు వారములైనను వేఱు తొట్టిలో ఉంచి చూచి, పిదప పాతవానితో కలుపుడు. పెంచలేనప్పుడు చెఱువులోగాని కాలువలోగాని విడువవలదు, ఎవరికైన నిండు. అలంకారమునకు తెచ్చిన సక్కరు చేప నేడు మన చెఱువులలో ప్రబలి, ఆంధ్రమున ‘దెయ్యం చేప’ యను పేరు పొంది, జాలరుల వలలను చింపుచున్నది.

చేప వెలను అంగడివాడు నిర్ణయించును. అది మన యింటికి వచ్చిన పిదప దాని ప్రాణమునకు విలువ కట్టువారము మనమే. పిల్లలు ఆ విలువను మన చేతలను చూచియే నేర్చుకొందురు.