చికాగో యెంత దూరము?

మా నాచారములోను, ఉప్పలులోను విదేశమున బిడ్డలు లేని వీధి యరుదు. చికాగోకు ఎన్ని గంటల ప్రయాణమని యడిగిన చిన్నపిల్లయైనను చెప్పును. ఆ లెక్క నాకును బాగుగా వచ్చుననియే తలచియుంటిని.

గోడపటములో చికాగో మనకు పడమట నున్నట్లు తోచును. బడిపిల్లల భూగోళముపై హైదరాబాదునుండి ఒక దారము బిగించి చూడుడు. అది ఉత్తరమునకే పోయి, రష్యాను దాటి, గ్రీన్‌లాండు మంచునేలను త్రొక్కి, కెనడామీదుగా దిగును. దాని కొలత సుమారు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎచ్చటను ఆగని విమానము ఈ రెండు నగరముల నడుమ మొదలైనప్పుడు, పదునాఱు గంటల ప్రయాణమని పత్రికలో చదివితిని. ఆ అంకె నా మనస్సున నాటుకొనెను. భూమిని కొలుచుట నేర్పు సర్వే ఆఫ్ ఇండియావారి విద్యాలయము మా ఉప్పలులోనే యున్నది. దాని పొరుగున నుండియు నాకు లెక్క రాదయ్యెను.

ఒక చలికాలమున, శుక్రవారము పగలు రెండుగంటలకు మా తండ్రిగారు కన్నుమూసిరి. చికాగోలోని తమ్మునికి అప్పుడు తెల్లవాఱుజాము. దుబాయిమీదుగా వచ్చు విమానములో చోటు దొరకినదనియు, శుక్రవారము రాత్రి ఎనిమిదిన్నరకు బయలుదేరుదుననియు ఏడ్చుచు చెప్పెను.

"వాడెప్పటికి వచ్చునమ్మా?" అని బాబాయి నన్నడిగిరి.

ఎనిమిదిన్నరకు పదునాఱు గంటలు కలిపి, "రేపు మధ్యాహ్నమునకు" అంటిని. శనివారము మూడింటికి దహనమని బంధువులకు కబురులు పోయెను.

శనివారము ఉదయము ఏడుగంటలకు తమ్ముడు ఫోనుచేసి, "ఇప్పుడే విమానమెక్కుచున్నానక్కా" అనెను. నా చేతులు చల్లబడెను. చలికాలమున చికాగో మనకు పదకొండున్నర గంటలు వెనుక. వాని శుక్రవారపు రాత్రి మనకు శనివారపు ఉదయము. దుబాయికే పదుమూడు గంటలకు పైగా పట్టును. అచ్చట అయిదు గంటలు కాచుకొనవలెను. అచ్చటినుండి శంషాబాదుకు మూడున్నర. ఆపైన ఎల్బీనగరు, ఉప్పలు దాటి మా గుమ్మము చేరుటకు మఱి గంటన్నర. (2008 మార్చివఱకు విమానములు బేగంపేటలో దిగుచుండెను; అది మాకు దగ్గఱ.) ఆదివారము ఉదయమునకుగాని రాలేడు.

బాబాయికి చెప్పితిని. ఆయన వాకిట నిండిన జనమును జూచి, "ఇంకొక రాత్రియా తల్లీ?" అనిరి. మొదటనే సరిగా చెప్పియుండినచో, మంచుపెట్టెలో ఆదివారమువఱకు ఉంచుటకు ఎవరును కాదనియుండరు. మీ యింట నెవరైన అట్లు బయలుదేరినచో, ఎప్పుడెక్కుదువని యడుగకుడు. మన గడియారము ప్రకారము ఏ దినమున, ఏ గంటకు గుమ్మములో నుందువని యడుగుడు. ఆనాడు నేను మఱి నోరు మెదపలేకపోతిని. ప్రొద్దు క్రుంకకముందే బాబాయి నిప్పు పెట్టిరి.

ఆదివారము ఎనిమిదిన్నరకు తమ్ముడు పెట్టెను వాకిటనే విడిచి లోనికి వచ్చెను. నన్నొక మాటయు అనలేదు. "ఎన్ని గంటలకు?" అని మాత్రమడిగెను.

అయిదింటికంటిని.

ఆ వేళకు విమానము యూరపుమీద నుండెననియు, తన యెదుటి తెరపై దుబాయికి మిగిలిన కిలోమీటర్లు తగ్గుచుండుట చూచుచు కూర్చుంటిననియు చెప్పెను.