వణికే చేయి - నడిచే నత్త

పిల్లలూ, మట్టి నత్త నడుస్తుందా? నడిపించవచ్చు! హెడ్మాస్టరుగా రిటైరయిన నేను ఈ మధ్యనే ఆ విద్య నేర్చుకున్నాను. దాని పేరు స్టాప్ మోషన్.

1910లో స్టారెవిచ్ అనే ఆయన కొమ్ముల పురుగుల పోట్లాటను సినిమా తీయబోయాడు. దీపాల వెలుగులో అవి కదలలేదు. అప్పుడాయన చచ్చిన పురుగులకు తీగలు అమర్చి, కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కొక్క ఫోటోయే తీశాడు. తెరమీద అవి నిజంగానే పోట్లాడాయి!

వయసు మీదపడి నా చేయి వణుకుతుంది. సుద్దముక్కతో గీసిన గీత వంకర పోతుంది. "ఈ చేత్తో ఏమవుతుందిలే!" అనుకుంటూనే మొదలుపెట్టాను. సెల్‌ఫోనును పుస్తకాల మధ్య కదలకుండా నిలబెట్టి, టైమరు పెట్టాను. ఎండ మారితే బొమ్మ మినుకుమంటుంది. అందుకని కిటికీ మూసి దీపం వేశాను. స్కేలు ఆసరాగా నత్తను 5 మిల్లీమీటర్లు జరపడం, చేయి తీసెయ్యడం, ఫోటో తీయడం. ఇలా 60 సార్లు! సెకనుకు 12 చొప్పున చూపేసరికి నత్త 5 సెకన్లలో 30 సెంటీమీటర్లు నడిచింది. ఏ నత్తా అంత జోరుగా నడవదు!

మరి వణుకు ఏమైంది? చేయి తీశాకనే కదా ఫోటో పడేది! నత్త నడకలో వణుకు లేనేలేదు.

మీరూ చేసి చూడండి. నత్త సగం వేగంతో నడవాలంటే ఎంతెంత జరపాలో చెప్పుకోండి చూద్దాం!