ఫోటో తీస్కపోయినోళ్లు మళ్ల రాలే

పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపిక చేసుకొని చదవండి.

మేము ఉట్నూరు దిక్కు హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. ఒక్క రూంలో నలుగురం గోండు పోరగాళ్లం. మా నాలుగు ఇండ్లల్ల కాలేజీ మొఖం చూసింది మేమే మొదలు. నలుగురికి కలిపి మంచి కెమెరా ఉన్న ఫోన్ ఒక్కటే, అది కూడా సెకండ్ హ్యాండ్‌ది. పోయిన దీపావళి సెలవుల్లో ఆ ఫోన్ పట్టుకొని దండారి ఆడే గూడేలన్నీ తిరిగినం. ఎప్పుడూ బయటోళ్లే వచ్చి మన ఫోటోలు తీస్తుంటరు గదా, ఈసారి మనమే తీద్దాం అనుకున్నం. మనోళ్ల దగ్గర మనకు అడ్డమేముంటది అనుకున్నం.

నెమలి పింఛాల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలను తీసినం. గుమేల, పెప్రె వాయించేటోళ్లను తీసినం. వాకిలి అలుకుతున్న అక్కలను, చేన్ల పత్తి ఏరుతున్నోళ్లను, ఎడ్లకు నీళ్లు పెడుతున్న పిల్లగాళ్లను తీసినం. నాలుగు రోజుల్లో ఫోన్ నిండిపోయింది.

జైనూరు దాటినంక ఒక గూడెంల ఒక అవ్వ గడప మీద కూసోని జొన్నలు చెరుగుతున్నది. ఫోన్ ఎత్తంగనే కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. గోండిలో ఒక్కటే మాట అడిగింది: "ఎన్నడు తెచ్చిస్తరు?"

మాకు సమజ్ కాలే. అప్పుడు చెప్పింది. చానా ఏండ్ల కింద జీపులో ఎవరో పెద్ద కెమెరాలు పట్టుకొని వచ్చిన్రంట. పోలాల పండుగ రోజు ఎడ్లను అలంకరించి, అవ్వను, ఆమె పెద్ద కొడుకును పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నరంట. పంపిస్తం అన్నరు, పోయిన్రు. తర్వాత ఆ కొడుకు జ్వరమొచ్చి చనిపోయిండు. అప్పటికి ఆధార్ కార్డులు కూడా రాలే. ఇంట్లో ఒక్క ఫోటో లేదు.

"నా కొడుకు మొఖం వాళ్ల దగ్గరున్నది, నా దగ్గర లేదు" అన్నది.

తప్పకుండ తెచ్చిస్తమని మాట ఇచ్చినంకనే కొంగు దించింది.

ఇంక మేము చేసిన తప్పు కూడా చెప్పాలె. అదే గూడెంల రాత్రి టోపీలు దించి పూజ చేసే జాగ ఉంటే, మాలో ఒకడు ఎవరినీ అడగకుండ వీడియో తీసి స్టేటస్ పెట్టిండు. పొద్దున పటేల్ మమ్మల్ని పిలిచిండు. తిట్టలే. "బయటోనికి తెల్వదు. మీరు మనోళ్లే గదా, మీకు తెల్వాలె" అన్నడు. ఆయన ముందరనే తీసేసినం. అప్పటికే 140 మంది చూసిన్రు. చూసింది ఎట్ల తీసేస్తం? మనోళ్లమైతే అడిగే పని లేదనుకున్నం. మనోళ్లమైతేనే ఎక్కువ అడగాలె అని ఆ రోజు తెలిసింది.

హాస్టల్‌కు వచ్చినంక హైమన్‌డార్ఫ్ దొర గురించి మాట్లాడుకున్నం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైనంక, గోండుల బాధలు తెలుసుకునేందుకు నిజాం సర్కారు ఆయనను పంపింది. ఆయన మనోళ్ల మధ్యనే ఉన్నడు, మార్లవాయిలో టీచర్లకు ట్రైనింగ్ పెట్టించిండు. ఆయన సమాధి, ఆయన భార్య ఎలిజబెత్ సమాధి అక్కడనే ఉన్నయ్. ఇప్పటికీ మనోళ్లు పోయి దండం పెడుతరు. ఆయన మీద మాకు గౌరవమే. కానీ ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే యూనివర్సిటీలో భద్రంగ ఉన్నయ్. మన తాతల, ముత్తాతల మొఖాలు అక్కడున్నయ్, మన ఇండ్ల గోడల మీద లేవు. ఆయన కాలంల తిరిగి ఇచ్చుడు కష్టం అనుకుందాం. మనకేం కష్టం?

అందుకే రెండు నెలలు బయట చాయ్, సమోసా బంద్ పెట్టి పైసలు జమ చేసినం. ఉట్నూరు స్టూడియోలో 62 ఫోటోలు కడిగించినం. ఒక్కోటి 15 రూపాయలు, మొత్తం 930. సంక్రాంతి సెలవుల్లో మళ్ల అవే గూడేలకు పోయి ఇంటింటికీ ఇచ్చినం. పటేల్‌కు గుస్సాడీల ఫోటో ఇస్తే కుర్చీ వేసి కూసోమన్నడు.

అవ్వ తన ఫోటో అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "కొంగు సరిగ్గ లేదు, మళ్ల తియ్యిన్రి" అని నవ్వింది. తర్వాత మెల్లగ అడిగింది, "ఆ జీపోళ్లు మీకు దొరుకుతరా?" అని. దొరకరని చెప్పబుద్ధి కాలే. చూస్తం అవ్వా అన్నం.

ఇప్పుడు మేము పెట్టుకున్న పద్ధతి ఇది: తీసే ముందు అడగాలె. పూజ దగ్గర పెద్దలు వద్దంటే ఫోన్ జేబులోనే ఉండాలె. పోస్టు చేసే ముందు మళ్ల అడగాలె. తీసిన ఫోటో ఆ ఇంటికి చేరాలె. ఆ గూడెం పేరు కూడా అందుకే ఇక్కడ రాయలే, అవ్వను అడగలే.

మీలో ఎవరి దగ్గరన్న, మీ సార్ల దగ్గరన్న, మన దిక్కు తీసిన పాత ఫోటోలు ఉంటే ఒక్కసారి వెతకండి. అలంకరించిన రెండు ఎడ్లు, వాటి పక్కన ఒక తల్లి, ఒక కొడుకు ఉన్న ఫోటో కనబడితే మాకు మెసేజ్ పెట్టండి. కడిగించే ఖర్చు మాదే.