లెక్కకు అన్వయం

పద్యం వినగానే అర్థం రాయబోయే విద్యార్థితో మా గురువులు ఒకే మాట అనేవారు: "ముందు అన్వయం చూడు నాయనా!" కర్త ఎవరో, క్రియ ఏదో, ఏ విశేషణం దేనికి చెందుతుందో తేల్చుకోకుండా నిఘంటువు తిరగవేసి ప్రయోజనం లేదు. లెక్కకు కూడా అన్వయం ఉంటుందన్న సంగతి నాకు యాభై ఏళ్లు దాటాక గాని బోధపడలేదు.

చిన్ననాడు నేను నేర్చిన కిటుకు వేరు. "మొత్తం" అని ఉంటే కూడాలి; "మిగిలినవి" అని ఉంటే తీసివేయాలి. ఒకసారి పరీక్షలో ఇలా అడిగారు: "రాము సంతలో 15 రూపాయలు ఖర్చు చేయగా 10 రూపాయలు మిగిలాయి. అతడు ఎంత సొమ్ముతో బయలుదేరాడు?" "మిగిలాయి" అన్న మాట కంటపడగానే తీసివేసి, 5 రూపాయలని రాశాను. అయిదు రూపాయలతో వెళ్లినవాడు పదిహేను ఎలా ఖర్చు చేశాడన్న సందేహమే కలగలేదు. సున్న వచ్చింది. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గణితం నాకు అబ్బదని ఆనాడే తీర్మానించుకున్నాను.

ఇటీవల నా పూర్వ విద్యార్థిని ఒకామె, తాను పనిచేసే కొండపల్లి ప్రాథమిక పాఠశాలకు నన్ను ఆహ్వానించింది. మూడవ తరగతి. పొణికి కర్రతో చేసిన ఎడ్లబండి బొమ్మను బల్లమీద ఉంచి ఆమె ఇలా అడిగింది: "ఒక్కో బండికి రెండు చక్రాలు, రెండు ఎడ్లు కావాలి. మన దగ్గర 18 చక్రాలు, 14 ఎడ్లు ఉన్నాయి. ఎన్ని బండ్లు పూర్తవుతాయి?"

"ముప్పై రెండు!" అని పలువురు అరిచారు. ఆమె తప్పనలేదు. "ఏవి ముప్పై రెండు?" అని మాత్రమే అడిగింది. తరగతి నిశ్శబ్దమైంది. వెనుక వరుసలోని ఒక అమ్మాయి పుస్తకంలో బండ్లు గీయసాగింది. బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించే పని ఆ పిల్ల ఇంట్లో నిత్యం చూసేదేనట. "ఏడు బండ్లు టీచర్! ఎడ్లు అయిపోయాయి. నాలుగు చక్రాలు మిగిలాయి" అంది. ఇంతలో ఒక బాలుడు లేచి, "ఇంకో నాలుగు ఎడ్లు చేస్తే ఇంకో రెండు బండ్లు వస్తాయి కదా!" అన్నాడు. ఎవరూ అడగని లెక్కను తానే కట్టి, తానే విప్పాడు.

"గంటంతా ఒకే లెక్కకు సరిపోయిందేమమ్మా?" అన్నాను. "మీరు ఒక్క పద్యానికి మూడు రోజులు తీసుకునేవారు కదా మాస్టారూ!" అని ఆమె నవ్వింది.

హంగేరీలో పుట్టిన గణితవేత్త జార్జి పోల్యా 1945లో వెలువడిన "హౌ టు సాల్వ్ ఇట్" గ్రంథంలో నాలుగు మెట్లు చూపాడు: సమస్యను గ్రహించడం, ఉపాయం యోచించడం, దానిని అమలుపరచడం, వెనుదిరిగి సరిచూడడం. నేను బాల్యంలో మొదటి మెట్టునూ చివరి మెట్టునూ విడిచిపెట్టాను. మన పూర్వులు ఈ రహస్యం ఎరుగనివారు కారు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. పద్యం అర్థమైతేనే గాని అక్కడ లెక్క మొదలుకాదు.

విద్యార్థులారా! మీలో గణితం చదివేవారికి తెలుగు కేవలం మార్కుల కోసమే అనిపించవచ్చు. సాహిత్యం చదివేవారికి గణితం పరాయిదనిపించవచ్చు. రెండింటికీ తొలి మెట్టు ఒక్కటే: ఆగి, వాక్యాన్ని చదవడం.

విజయవాడకు తిరిగివస్తూ బస్సులో ఆ పాత లెక్కను మళ్లీ చేశాను. ఇరవై అయిదు. అందులో పదిహేను ఖర్చు, పది మిగులు. సరిపోయింది.