నీళ్ళే బలమైన గుత్తి కోట

అనంతపురం నుంచి కర్నూలు వైపు వెళ్తుంటే, 50 కిలోమీటర్లు దాటాక ఎర్రనేలల మధ్య నిటారుగా లేచిన రాతికొండ కనిపిస్తుంది. నేలమట్టం మీంచి సుమారు 300 మీటర్ల ఎత్తు. దాని మీదే గుత్తి కోట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని ఈ కరువు సీమలో, రాజులు ఈ కొండ కోసం శతాబ్దాల పాటు కొట్టుకున్నారు.

చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడి కాలం నాటి శాసనాలు కోటలో ఉన్నాయి. విజయనగర చక్రవర్తి బుక్కరాయల నాటి శాసనమైతే దీన్ని కోటలకే రాజని పొగిడింది. కొండ మీదికి చేరాలంటే ప్రాకారం వెనుక ప్రాకారం, ద్వారం వెనుక ద్వారం దాటాలి. అయినా ఈ కోటకు అసలు బలం గోడల్లో లేదు. బండ చీలికల్లోకి జారే వాననీటిని ఒడిసిపట్టే దొనల్లో, బావుల్లో ఉంది. కొండ మీద ఊట లేనిచోట దండు నెలల తరబడి నిలవాలంటే పడిన ప్రతి చినుకూ దాచుకోవాల్సిందే.

ఆ నీళ్ళే ఒకనాడు కోట తలరాతను మార్చాయి. 18వ శతాబ్దంలో ఇక్కడి నుంచి ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే సామాన్యుడు కాడు. 1751 ఆర్కాటు ముట్టడిలో ఇంగ్లీషు సేనాని క్లైవుకు అండగా కదిలింది ఆయన గుర్రపు దండే. కొండ అంచున సున్నపు గచ్చుతో నున్నగా తీర్చిన చిన్న మండపాన్ని ఇప్పటికీ మురారిరావు గద్దె అంటారు. ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని ప్రతీతి. అలాంటివాణ్ణి 1776లో మైసూరు ఏలిక హైదర్ అలీ లొంగదీసుకున్నాడు. ఫిరంగులకు లొంగని కోట, దొనల్లో నీళ్ళు నిండుకోగానే చేతులెత్తేసింది. మురారిరావు కబ్బాళదుర్గంలో బందీగా కన్నుమూశాడు.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువాళ్ళకు దత్తం చేశాక గుత్తికి యుద్ధాల బెడద తీరింది. దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే గుత్తి కొండ కిందే పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసుకు తరలించారు. రైలు వచ్చాక ఊరి బతుకు పట్టాల వైపు జరిగింది. కోట పురావస్తు శాఖ రక్షణలోకి వెళ్ళింది.

నేడు గుత్తికి వచ్చేవాళ్ళు గద్దె దగ్గర ఫొటో దిగి వెనుదిరుగుతున్నారు. కాస్త ఆగి ఆ దొనలు కూడా చూడండి. వాటిలో చెత్త వేయకండి. పురావస్తు శాఖ బురుజుల మీద పెట్టే శ్రద్ధ దొనల పూడికతీత మీదా పెట్టాలి. వాననీటిని ఎలా దాచుకోవాలో అనంతపురం పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి బడి జిల్లాలో లేదు.