చూడని సినిమాకి టిక్కు

2025 ఏప్రిల్లో ఆస్కార్ అకాడమీ ఒక కొత్త నిబంధన ప్రకటించింది. 2026 అవార్డుల నుంచి ఏ విభాగంలో తుది ఓటు వెయ్యాలన్నా, ఆ విభాగంలో పోటీ పడుతున్న సినిమాలన్నీ సభ్యులు చూసి ఉండాలట. మంచి మాటే. కానీ చదవగానే నాకు వచ్చింది సంతోషం కాదు, కోపం. అంటే ఇన్నేళ్లూ చూడకుండానే ఓటు వేసే వీలుందన్నమాట! ఆ జబ్బు మా ఫ్రిస్కో మిత్రబృందానికే ఉందనుకున్నాను.

మేం డాలస్ శివారులో పదీ పన్నెండు తెలుగు కుటుంబాలం. ఏటా మార్చిలో ఆస్కార్ రాత్రి ఒకరింట్లో చేరతాం. మిరపకాయ బజ్జీలు, పులిహోర, తలకి పది డాలర్లు. కార్యక్రమం మొదలయ్యేలోగా అన్ని విభాగాల్లో ఎవరికి వస్తుందో కాగితం మీద టిక్కు పెట్టి ఇవ్వాలి. ఎక్కువ సరిపోయినవాళ్లదే డబ్బు.

2025 మార్చి 2న మా ఇంట్లోనే జరిగింది. గెలిచిన మిత్రుడికి 23లో 18 సరిపోయాయి. నాకు 13. ఓడినందుకు కాదు నా బాధ. "ఇందులో ఎన్ని చూశావు తమ్ముడూ?" అని అడిగాను. "చూడ్డానికి టైమెక్కడిది అన్నా! గోల్డెన్ గ్లోబులు, బాఫ్టాలు, గిల్డు అవార్డులు అన్నీ ఎక్సెల్‌లో వేశా" అన్నాడు. ఒక్కటీ చూడలేదు. 'అనోరా' ఉత్తమ చిత్రమవుతుందని సరిగ్గా చెప్పినవాడికి ఆ అనోరా ఎవరో తెలియదు.

లెక్కలు పనికిరావని నేననను. కానీ చూడండి. ఉత్తమ నటి డెమీ మూర్ అని మా ఇంట్లో దాదాపు అందరూ టిక్కు పెట్టారు. గోల్డెన్ గ్లోబు, నటుల గిల్డు ఆవిడకే ఇచ్చాయి కదా. నేను 'అనోరా' థియేటర్లో చూశాను. చివరి సన్నివేశంలో కారులో ఆ అమ్మాయి ఏడుపు చూశాక మైకీ మాడిసన్‌కి తప్ప ఇంకెవరికీ చెయ్యి రాలేదు. ఆమెకే వచ్చింది. యానిమేషన్లో 'ఫ్లో' నాకు సరిపోయింది. లాత్వియా దేశపు సినిమా, వరదలో కొట్టుకుపోయే ఒక పిల్లి కథ, ఒక్క మాట కూడా ఉండదు. మా అమ్మాయి, నేను రెండుసార్లు చూశాం. ఢిల్లీ కుట్టుమిషన్ల మధ్య పనిచేసే అక్కచెల్లెళ్ల కథ, లఘుచిత్రం 'అనూజ'కి కూడా మనసారా టిక్కు పెట్టాను. అది తప్పింది, ఒక డచ్ సినిమాకి వెళ్లింది. అయినా ఆ తప్పు నాకు ఇష్టమే. ఆ పిల్లల ముఖాలు నాకు గుర్తున్నాయి.

ఇక్కడి పద్ధతిలో నాకు నచ్చేవి లేకపోలేదు. నెలకి పైగా ముందే పోటీదారుల పేర్లన్నీ బయట పెడతారు. శబ్దం కూర్చినవాళ్లనీ, దుస్తులు కుట్టించినవాళ్లనీ హీరోలతో సమానంగా వేదిక ఎక్కిస్తారు. మన నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. కమిటీ కూర్చునేది, ఒకరోజు జాబితా వచ్చేది, అంతే. ముందుగా పోటీదారుల పేర్లు తెలియనప్పుడు పందెం ఏం కాస్తాం? ఆ నందులు కూడా 2016 సినిమాలతో ఆగిపోయాయి.

కానీ మాకు పందెం లేకపోయినా వాదన ఉండేది. తెనాలిలో మా నాన్నగారి స్నేహితులు సాయంత్రం మా అరుగు మీద చేరేవారు. 1983 సినిమాలకి జాతీయ అవార్డులు వచ్చినప్పుడు నేను ఐదో తరగతి. 'సాగర సంగమం'కి ఇళయరాజాకీ, బాలుగారికీ వచ్చాయి. ఉత్తమ నటుడు మాత్రం కమల్ హాసన్ కాదు, 'అర్ధసత్య'లో చేసిన ఓంపురి. అరుగు అరుగంతా మండిపడింది. నూతి గట్టు మీద వర్షంలో అలా నాట్యం చేసినవాణ్ణి కాదని ఇంకొకరికా అని. మా నాన్నగారు మాత్రం నోరెత్తలేదు. "నేను 'అర్ధసత్య' చూడలేదు" అన్నారు. కొన్ని వారాలకి ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు వెతుక్కుని మరీ మార్నింగ్ షో చూసి వచ్చారు. ఆ సాయంత్రం కండువా తియ్యకుండానే అరుగు మీద కూర్చుని, "ఇచ్చింది సరైనవాడికేనోయ్. కానీ మనవాడికీ ఇవ్వాల్సింది" అన్నారు. అందరూ ఒప్పుకోలేదు. అయితే ఆయన మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు. చూసొచ్చిన మనిషి ఆయనొక్కడే కదా.

2023 మార్చి 12 ఆస్కార్ రాత్రి సంగతి చెప్పకపోతే మా వాళ్లకి అన్యాయం చేసినట్టే. ఆ ఏడాది మన దేశం అధికారికంగా పంపింది 'ఛెల్లో షో' అనే గుజరాతీ సినిమాని. ఆర్ఆర్ఆర్ తన దారిన తానే వెళ్లింది. ఉత్తమ పాట గడిలో మా ఇంట్లో అన్ని కాగితాల మీదా 'నాటు నాటు'. అందరికీ సరిపోతే ఆ గడి వల్ల ఎవరూ ముందుకి వెళ్లరు, అయినా ఎవరూ ఇంకో టిక్కు పెట్టలేదు. కీరవాణిగారు, చంద్రబోస్‌గారు మెట్లెక్కుతుంటే పిల్లలు సోఫాలెక్కారు. మా ఎక్సెల్ తమ్ముడి కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. లేడీ గాగా, రిహానా పాటలని దాటి వచ్చిన పాట అది. ఆ ఒక్క సినిమా మాలో ప్రతివాళ్లం చూశాం, కొందరు నాలుగుసార్లు.

అదే రాత్రి డాక్యుమెంటరీ షార్టుల్లో 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' కూడా గెలిచింది. ముదుమలైలో తల్లి లేని ఏనుగు పిల్లని సాకిన బొమ్మన్, బెళ్లి దంపతుల కథ. నెట్‌ఫ్లిక్సులో మనందరి ఇళ్లలోనూ ఉంది. మా బృందంలో అప్పటికి చూసింది ఇద్దరం.

కాబట్టి వచ్చే మార్చికి నా వినతి ఇది. ఓటు వేసే హాలీవుడ్ వాళ్లకే చూడటం తప్పనిసరి అయినప్పుడు మనకీ కావాలి. డాక్యుమెంటరీ షార్టు 40 నిమిషాలు దాటకూడదని నియమం. అయిదూ కలిపి చూసినా మూడున్నర గంటలు పట్టదు. చూసి రండి. చూడని విభాగం ఉంటే ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి.